మాటలను వెదకు విద్య

1787–88 సంవత్సరములలో అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు "పబ్లియస్" అను మారుపేరుతో 85 వ్యాసములు వెలువడినవి. వానిలో ఎక్కువ భాగము న్యూయార్కు పత్రికలలో వచ్చినవే. వ్రాసినవారు ముగ్గురు: హామిల్టన్, మాడిసన్, జే. అయితే 12 వ్యాసములు హామిల్టన్‌వా, మాడిసన్‌వా అను తగవు మాత్రము చాలకాలము తెగలేదు. 1964లో మాస్టెలర్, వాలెస్ అను గణాంకశాస్త్రజ్ఞులు చిన్న చిన్న మాటలను లెక్కించి దానిని తేల్చిరి. "అపాన్" అను మాటను హామిల్టన్ వేయి మాటలకు సుమారు మూడుసార్లు వాడును. మాడిసన్ దాదాపు వాడనే వాడడు. హామిల్టన్ "వైల్" అని వ్రాయుచోట మాడిసన్ "వైల్‌స్ట్" అని వ్రాయును. రచయిత పెద్ద మాటలను ఏరుకొని వాడును గాని చిన్న మాటలు అతనికి తెలియకుండనే చేతినుండి జారిపడును. ఆ 12 వ్యాసములను మాడిసనే వ్రాసియుండునని వారి లెక్కలు చూపినవి.

కొన్ని సంవత్సరముల తరువాత అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో లీ మెక్‌మాన్ ఇదే పరిశీలనను కంప్యూటరుపై చేయబూనెను. వ్రాతప్రతులను దిద్దుటకు అక్కడ "ఎడ్" అను ఎడిటరు ఉండెను. దీనిని 1969లో కెన్ థాంప్సన్ వ్రాసెను. కోరిన మాట ఎక్కడెక్కడ ఉన్నదో వెదకి, ఆ పంక్తులను ముద్రించి చూపు ఆజ్ఞ దానిలో కలదు. మెక్‌మాన్‌కు కావలసినది సరిగా అదే. కాని ఎడిటరు వ్రాతప్రతి మొత్తమును ముందుగా తనలోనికి తీసికొనవలెను. ఆనాటి చిన్న యంత్రములో ఆ 85 వ్యాసములు ఇమడలేదు. థాంప్సన్ ఎడిటరునుండి వెదకు భాగమును మాత్రము వేరుచేసి ఒక ప్రోగ్రాముగా కూర్చెను. అది ఒక్కొక్క పంక్తినే చదివి, చూచి, విడిచివేయును. కాబట్టి గ్రంథమెంత పెద్దదైనను ఇబ్బంది లేదు. "గ్రెప్" అను ఈ సాధనము 1973లో యూనిక్స్ వాడుకరులకు అందినది. ఎడ్‌లోని ఆజ్ఞ "జి/ఆర్.ఇ./పి" అను అక్షరములే దాని పేరైనవి: అన్ని పంక్తులలో, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కుదిరినచో, ముద్రింపుము.

ఈ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనునది ఎడిటర్లకొరకు పుట్టినది కాదు. నాడీకణముల చర్చలో పుట్టినది. 1943లో మెకల్లక్, పిట్స్ అనువారు నాడీకణమును ఉన్నది–లేదు అను రెండే స్థితులుగల సాధనముగా భావించి గణితము కట్టిరి. అట్టి కణముల వల ఎట్టి సంకేతముల వరుసను గుర్తింపగలదు? 1951లో స్టీఫెన్ క్లీనీ దీనికి సమాధానము వ్రాసెను. అది 1956లో గ్రంథస్థమైనది. ఒకదాని తరువాత ఒకటి వచ్చుట, ఇది గాని అది గాని వచ్చుట, ఒకటే ఎన్నిసార్లైనను వచ్చుట — ఈ మూడింటితో కట్టగల వరుసలన్నిటిని అది గుర్తించును. "రాము" తరువాత "డు" గాని "ని" గాని "నితో" గాని అని చెప్పినచో రాముడు, రాముని, రామునితో అను మూడును ఒక్క సూత్రములో చిక్కును. విభక్తులు మాటకంటుకొను తెలుగువంటి భాషకు ఇది ఎంత అనుకూలమో ఉపాధ్యాయులు గ్రహింపగలరు.

క్లీనీ గణితమును ఎడిటరులోనికి తెచ్చినది థాంప్సనే. ఎడ్‌కు ముందు ఐ.బి.ఎమ్. 7094 యంత్రముపై "క్యు.ఇ.డి." అను ఎడిటరును తిరిగి వ్రాయుచు అతడీ పని చేసెను, 1968 జూనులో దీనిపై నాలుగు పుటల వ్యాసము ప్రకటించెను. దారి రెండుగా చీలినచోట ఒక దారిలో పోయి, కుదరనిచో వెనుకకు వచ్చి రెండవ దారి పట్టుట ఒక పద్ధతి. థాంప్సన్ పద్ధతి వేరు. చీలికవద్ద ఇద్దరు మనుష్యులను రెండు దారులలో పంపి, అక్షరమునకొక అడుగు చొప్పున అందరిని ఒకేసారి నడిపించవలెను. ఇద్దరు ఒకే కూడలికి చేరినచో ఒకరిని ఇంటికి పంపివేయవచ్చును. కాబట్టి మనుష్యుల సంఖ్య కూడళ్ల సంఖ్యను ఎన్నడును దాటదు.

తేడా ఎంతటిదో చూడుడు. "ఉండవచ్చును, లేకపోవచ్చును" అను అక్షరములు 30, వాని వెనుక తప్పక ఉండవలసినవి 30 గల సూత్రమును తీసికొని, అదే అక్షరము 30 సార్లు ఉన్న పంక్తిపై ప్రయోగింపుడు. వెనుకకు మరలు పద్ధతి 2ను 30 సార్లు హెచ్చించగా వచ్చు 1,07,37,41,824 దారులవరకు పోయి చూడవలసిరావచ్చును. థాంప్సన్ పద్ధతిలో ఆ పంక్తిని ఒక్కసారి చదివిన చాలును.

విచిత్రమేమనగా, ఎడ్ వ్రాయునపుడు థాంప్సనే తన పద్ధతిని విడిచి, సూత్రములనుండి "ఇది గాని అది గాని" అను ఏర్పాటును తీసివేసి, వెనుకకు మరలు సులభ మార్గమును చేపట్టెను. తరువాత వచ్చిన పెక్కు సాధనములు ఆ మార్గముననే నడిచి, కొత్త కొత్త హంగులను మాత్రము చేర్చుకొనినవి.

మాట పూర్తిచేయు సౌకర్యము వేరొక వంశమునకు చెందినది. 1959లో డి లా బ్రియాండే, 1960లో ఫ్రెడ్కిన్ మాటలను చెట్టువలె అమర్చు ఉపాయమును ప్రకటించిరి. "రా" అను బోదెనుండి "జు" ఒక కొమ్మ, "ము" ఇంకొక కొమ్మ. "ము" నుండి "డు" ఒక రెమ్మ. మొదటి అక్షరములు చెప్పిన మిగిలిన కొమ్మలు కన్పట్టును. 1970 ప్రాంతమున "టెనెక్స్" అను వ్యవస్థలో ఆజ్ఞను సగము వ్రాసి ఒక మీట నొక్కినచో యంత్రమే మిగతా సగమును పూరించెడిది. 1996లో మైక్రోసాఫ్ట్ దీనినే ప్రోగ్రాములు వ్రాయు ఎడిటరులో "ఇంటెలిసెన్స్" పేరుతో ప్రవేశపెట్టెను.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ఎడిటర్లు 10, ప్రోగ్రాము భాషలు 20 ఉన్నచో ఈ సౌకర్యమును 200 మారులు వేర్వేరుగా వ్రాయవలెను. 2016లో ప్రకటింపబడిన "లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్" అను ఒప్పందము ఎడిటరును, భాషాజ్ఞానమును విడదీసినది. రెండు పక్షములును ఒకే సంభాషణరీతిని పాటించుటచే 30 ప్రోగ్రాములతో పని తీరును. నేడు విద్యార్థి తన ఎడిటరులో ఒక భాషకు తగిన సర్వరును అమర్చుకొనుట అనగా ఇదియే.

వెదకుటలో తెలుగునకొక ప్రత్యేక ఇబ్బంది ఉన్నది. "లక్ష్మి" కంటికి రెండక్షరములే. యూనికోడ్ లెక్కలో ఏడు గుర్తులు. "ఏదో ఒక అక్షరము" అని సూచించు చుక్క పెక్కు సాధనములలో ఒక్క గుర్తునకే సరిపోవును.

2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ అను సంస్థ యంత్రములలో చేర్చిన ఒక్క సూత్రము వెనుకకు మరలుచు మరలుచు యంత్రశక్తినంతను హరించెను. సుమారు 27 నిమిషములు అనేక వెబ్‌సైట్లు స్తంభించెను. దారులు పెరిగిపోని సాధనమునకు మారెదమని సంస్థ తన నివేదికలో ప్రకటించెను. ఎడిటర్లలోను ఇట్టి మార్పే వచ్చినది. 2016లో వెలువడిన "రిప్‌గ్రెప్" అను వెదకు సాధనము పంక్తి పొడవుకు మించి కాలము పెరగకుండ నడచును. విజువల్ స్టూడియో కోడ్ ఎడిటరులో ఫైళ్లన్నిటిని వెదకునది అదే. దాని లోపలి తర్కము 1968 నాటి ఆ నాలుగు పుటల కుటుంబమునకు చెందినదే.