శత్రువు ఇంట పెరిగిన పిల్లవాడు

చిన్నప్పుడు మా ఇంగ్లీషు వాచకంలో ఒక కథ ఉండేది. శత్రువులకు దొరక్కుండా ఒక పల్లెటూరి గుడిసెలో తలదాచుకున్న ఆల్ఫ్రెడ్ రాజుకు ఆ ఇల్లాలు పొయ్యి మీది కేకులు చూస్తుండమని అప్పగిస్తుంది. రాజు ఆలోచనల్లో పడి వాటిని మాడ్చి, ఆవిడ చేత చీవాట్లు తింటాడు. (కేకంటే మాకప్పుడు పుట్టినరోజు కేకే. దాన్ని పొయ్యి మీద ఎలా కాలుస్తారన్నదే మా సందేహం.) ఆ శత్రువులెవరని మాత్రం మేము అడగలేదు. ఇన్నేళ్ళకు బెర్నార్డ్ కార్న్‌వెల్ నవల ‘ది లాస్ట్ కింగ్‌డమ్’ (2004) చదివాక వారితో పరిచయమైంది. పరిచయమేమిటి, చాలా పేజీల పాటు నేను వారి పక్షానే ఉన్నాను!

నవల పేరులోనే చరిత్ర ఉంది. తొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు ఒక దేశం కాదు. నార్తంబ్రియా, తూర్పు ఆంగ్లియా, మెర్సియా, వెస్సెక్స్ అని నాలుగు రాజ్యాలు. 793లో లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచిన వైకింగులు వచ్చిన దారినే పోయారు. 865లో దిగిన డేనుల మహాసైన్యం అలా పోలేదు, ఏళ్ళ తరబడి అక్కడే మకాం వేసింది. 867లో నార్తంబ్రియా, 869లో తూర్పు ఆంగ్లియా, 874లో మెర్సియా దాని వశమయ్యాయి. మిగిలిన చివరి రాజ్యం ఆల్ఫ్రెడ్ ఏలిన వెస్సెక్స్.

కథ చెప్పేవాడు ఉట్రెడ్, నార్తంబ్రియాలోని బెబ్బన్‌బర్గ్ (నేటి బాంబరో) కోట దొర కొడుకు. పదేళ్ళు నిండీ నిండని వయసులో, యార్క్ యుద్ధంలో తండ్రి చనిపోతాడు. కసితో చిన్న కత్తి పట్టుకుని మీదికి వచ్చిన పిల్లవాణ్ణి చూసి రాగ్నార్ అనే డేను నాయకుడు పగలబడి నవ్వి, చంపకుండా తన వెంట తీసుకుపోతాడు. అంతకుముందు ఆ పిల్లవాడి అన్నను చంపినవాడూ అతడే. పుట్టింట ఉట్రెడ్‌కు దక్కినవి ప్రార్థనలు, దెబ్బలు, బలవంతపు చదువు. ఇక్కడ దొరికినవి పడవలు, ఆయుధాలు, నవ్వులు, ఒక తండ్రి. అన్నను చంపినవాణ్ణి తండ్రిలా ప్రేమించడం ఎలా సాధ్యమని అడిగేలోపే మనకూ రాగ్నార్ మీద మమకారం కలుగుతుంది. తెన్నేటి సూరి ‘చెంఘిజ్‌ఖాన్’ చదివినవారికి ఈ అనుభవం కొత్త కాదు.

అయితే పుస్తకం మూసిన రాత్రి నాకు కాస్త సిగ్గు వేసింది. తూర్పు ఆంగ్లియా రాజు ఎడ్మండ్‌ను డేనులు బాణాలతో చంపే ఘట్టంలో, అతని దైవభక్తిని కథకుడు వేళాకోళం చేస్తుంటే నేనూ నవ్వాను. ఆల్ఫ్రెడ్ అంటే కూడా ఉట్రెడ్‌కు చులకనే: రోగిష్టి, పూజలవాడు, ఎప్పుడూ కాగితాలు ముందేసుకునేవాడు (తోలు కాగితాలే అనుకోండి). నిజానికి ఆ రోగిష్టి రాజు, పోప్ గ్రెగరీ గ్రంథాన్ని లాటిన్ నుంచి తన భాషలోకి తెస్తూ, పీఠికలో ఒక మాట చెప్పుకున్నాడు. సర్వం దోపిడీకీ మంటలకీ గురికాక మునుపు చర్చిల నిండా పుస్తకాలు ఉండేవట. వాటిని చదవగలిగినవారే కరవయ్యారట. అందుకే, అందరూ తెలుసుకోవలసిన పుస్తకాలను అందరికీ అర్థమయ్యే భాషలోకి మార్చుకుందామంటాడు. తన భాషలో నాలుగు ముక్కలు రాసుకుని మురిసిపోయే నావంటివాడు ఏ పక్షాన ఉండాలి? సగం నవల వరకు నేను నవ్వింది పుస్తకాలు తగలబెట్టినవారితో కలిసి!

కార్న్‌వెల్ స్వేచ్ఛ తీసుకున్న చోట్లూ ఉన్నాయి. నవల చివర వచ్చే సినుయిట్ యుద్ధంలో ఉబ్బాను ఉట్రెడ్ చంపుతాడు. ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ అక్కడ ఉబ్బా పేరే చెప్పదు. 878 శీతాకాలంలో 23 ఓడలతో వచ్చి చనిపోయినవాడు ఐవార్, హాఫ్‌డాన్‌ల సోదరుడని మాత్రమే అంటుంది. ఉట్రెడ్ సరేసరి, కల్పితుడు. ఆ పేరు మాత్రం రచయిత కన్నతండ్రి ఇంటిపేరు నుంచి వచ్చింది. కార్న్‌వెల్ దత్తత వెళ్ళి పెరిగినవాడు. కన్నతండ్రిని కలుసుకున్నది పెద్దయ్యాకే. పరాయి పంచన పెరిగిన పిల్లవాడి కథ ఆయనకెక్కడ దొరికిందో ఊహించుకోవచ్చు. (టీవీలో 2015 నుంచి 2022 వరకు ధారావాహికగా కూడా వచ్చింది. నేను చూడలేదు, నా రాగ్నార్ ముఖం నాకుంది.)

878లోనే ఎడింగ్టన్ దగ్గర ఓడిన డేను రాజు గుత్రుమ్, ఆల్ఫ్రెడ్ జ్ఞానపితగా నిలవగా, క్రైస్తవం పుచ్చుకుని తూర్పు ఆంగ్లియాలో స్థిరపడ్డాడు. ఇరుగుపొరుగు అయ్యాక భాషలూ కలిశాయి. మనం రోజూ తెలుగులో వాడేసే ఎగ్, విండో, హస్బెండ్ ఆ వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చినవే. మాడిన కేకుల కథ ఆల్ఫ్రెడ్ పోయిన (899) చాలా దశాబ్దాలకు, నియోట్ అనే సాధువు గురించిన లాటిన్ చరిత్రలో కనిపిస్తుంది. అక్కడ ఉన్నది రొట్టెలే. మా వాచకంలోని ‘కేకు’ ఉందే, ఆ మాట కూడా వైకింగుల దగ్గర నుంచి వచ్చిందే.