దెయ్యం ఎంత దూరంలో నిలబడాలి?

ఆపరేటర్ సినిమా చూస్తాడనుకుంటారు గానీ, నిజానికి వింటాడు. క్యాబిన్ కన్నంలోంచి తెర కనబడుతుంది, కానీ చూపంతా ప్రొజెక్టర్‌కు వెలుగిచ్చే కార్బన్ కడ్డీల మీదే ఉండాలి. రెండు కడ్డీల మధ్య ఎడం కాస్త పెరిగిందా, వెలుగు పసుపెక్కుతుంది, రాత్రి సీనైతే తెర మీద ఏమీ మిగలదు. కనుక ఏ సీను నడుస్తోందో నేల టికెట్టు జనం చప్పుడును బట్టే నాకు తెలిసేది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు తిరిగిన టూరింగ్ టాకీసులో ఆ చప్పుడు వినీ వినీ నాకొక లెక్క కుదిరింది. దెయ్యం నిలువెల్లా కనబడితే నవ్వు. కెమెరాయే దెయ్యం కళ్లతో చూస్తే భయం. మన నవ్వించే దెయ్యాల సినిమా ఈ రెండు చోట్ల మధ్యే పెరిగింది.

ఈ లెక్క సినిమా కంటే పాతది. తోలుబొమ్మలాటలో ముందు తెల్లపంచె, వెనక దీపం, మధ్యలో బొమ్మ. పంచెకు ఆనించి ఆడిస్తే బొమ్మ రంగులతో, నగలతో సహా తేటగా కనబడుతుంది. దీపం వైపు వెనక్కి లాగితే నీడ పెరిగి, అంచులు చెదిరి, తెరంతా ఆక్రమిస్తుంది. రాక్షసుణ్ణి పెద్దచేయాలంటే ఆటగాడికి అదొక వాటం. నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క మాత్రం పంచెకు అంటిపెట్టుకునే మోటు సరసాలాడాలి, లేకపోతే వాళ్ల చేతుల తిప్పులు కనబడవు, నవ్వు రాదు. పర్ణశాల మా దుమ్ముగూడెం మండలంలోనిదే. రామాయణంలోని మాయలేడి ఇక్కడే తిరిగిందని చెప్పుకునే జనానికి రూపం మార్చి వచ్చేవాడి కథ చెప్పి ఒప్పించాల్సిన పనే లేదు.

అందుకే 1957 నాటి 'మాయాబజార్' పాత ప్రింటు ఎన్నిసార్లు తెచ్చినా మా దగ్గర ఆడేది. దర్శకుడు కె.వి.రెడ్డి, కెమెరా మార్కస్ బార్ట్‌లే. దాన్ని దెయ్యాల సినిమా అని ఎవరూ అనరు గానీ, మాయా శశిరేఖ సీన్లు చూడండి. పైకి శశిరేఖ, లోపల ఘటోత్కచుడు. ఆడపిల్లకు పూనకం వచ్చినట్టే కదా! శశిరేఖ వేసిన సావిత్రి నడకలో, నిలబడే తీరులో ఘటోత్కచుడు వేసిన ఎస్.వి.రంగారావు దిగుతాడు. ఆ మగతనం ఒళ్లంతటా ఉంది, కనుక కెమెరా ఒళ్లంతా చూపించక తప్పదు. మొహానికే పరిమితమైతే సగం నటన ఫ్రేము బయటే పడిపోయేది.

ఇక పెళ్లి పీటల మీద కౌరవుల పెళ్లికొడుకు లక్ష్మణ కుమారుడుగా రేలంగి. పెళ్లికూతురి భయంకర రూపం అతడొక్కడికే కనబడుతుంది. ఒక షాటులో కెమెరా అతడి పక్షాన ఉంటుంది, అతడు చూసిందే మనమూ చూస్తాం. మరో షాటులో పందిట్లోవాళ్ల పక్షాన ఉంటుంది, అక్కడ సిగ్గుపడే పెళ్లికూతురు, ఊరికే అదిరిపడే వరుడు. మొదటిదొక్కటే ఉంటే భయం, రెండోదొక్కటే ఉంటే పిచ్చి. రెండూ పక్కపక్కన పడితేనే నవ్వు. ఆ నవ్వుతోపాటే కౌరవుల దర్జా కూడా పలచబడిపోతుంది. కథ చెప్పదలచుకున్నదీ అదే, డైలాగు అక్కర్లేకుండా.

టూరింగ్ టాకీసులో ఒకటే ప్రొజెక్టర్. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. లైటు వేసి కొత్త రీలు ఎక్కించేలోపు జనం బీడీలు ముట్టించేవారు, సోడాలు కొట్టించేవారు. భయపెట్టే సినిమాకు ఆ విరామమే గండం, మళ్లీ మొదటి నుంచి బిగించాల్సి వచ్చేది. నవ్వుకు ఆ బాధ లేదు, ఎక్కడ ఆగినా అక్కడి నుంచే అందుకునేది. మాయలూ మంత్రాలూ హాస్యంతో కలిసి ఊళ్లలో అంతకాలం బతకడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

భయం వైపు తూకం మొగ్గింది దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ రోజుల్లో. నడుస్తూ తీసినా కుదుపు తెలియనివ్వని, గ్యారెట్ బ్రౌన్ తయారుచేసిన స్టెడీక్యామ్‌తో 1980లో 'ది షైనింగ్' హోటలు వరండాల వెంట జారింది. 1981లో 'ఈవిల్ డెడ్' కుర్రాళ్లు డబ్బుల్లేక కెమెరాను చెక్కకు బిగించి అడవిలో పరుగెత్తారు. వర్మ 1989లో 'శివ'లో స్టెడీక్యామ్ వాడి, 1992లో రేవతితో 'రాత్రి' తీశాడు. అందులో కెమెరాయే దెయ్యమై మనుషుల వెంటపడుతుంది. అప్పటికి నేను రెండు ప్రొజెక్టర్లున్న పక్కా హాలుకు మారాను, మధ్యలో లైటు వేసే పని లేదు. నేల జనం నోరెత్తలేదు.

ఒకటి మాత్రం గమనించాను. అడవి పందుల కోసం రాత్రంతా మంచె మీద కావలి కాసేవాళ్లకు తెర మీది చెట్ల చప్పుడు ఆనదు. వాళ్లకు ఎలుగుబంటి తెలుసు, దాని వాసనా తెలుసు. వాళ్లను బిగబట్టించేది పెద్ద ఇల్లు, తెరిచి ఉన్న తలుపు, మనిషి లేని గది.

2013లో వచ్చిన 'ప్రేమకథా చిత్రమ్' ఆ ఇంట్లోకే వెళ్లింది. తీసిన జె.ప్రభాకరరెడ్డి కెమెరామన్ కూడా. చావడానికి వచ్చినవాళ్లు దెయ్యాన్ని చూసి ప్రాణభయంతో పరుగెత్తడం అందులో తమాషా. పూనినవాళ్లనూ వణికేవాళ్లనూ ఒకే ఫ్రేములో ఇరికిస్తే వాళ్ల చావు శపథం ఎంత ఉత్తుత్తిదో తేలిపోతుంది. 2017లో మహి వి. రాఘవ్ 'ఆనందో బ్రహ్మ' ఈ లెక్కను తిరగేసింది. అక్కడ దెయ్యాలకే మనుషులంటే భయం. రాత్రయితే కళ్లు కనబడనివాడిగా వేసిన వెన్నెల కిశోర్ ముందు దెయ్యం ఎన్ని వేషాలు వేసినా దండగే. ఇద్దరూ ఒకే షాటులో ఉంటేనే ఆ నవ్వు, విడగొడితే పోతుంది. 2025 నాటి 'శుభం'లో సీరియల్ వేళకు భార్యలకు పూనకం వస్తుంది. వాళ్ల చూపు టీవీ మీద, భర్తల చూపు వాళ్ల మీద. ఇంటికి పెద్ద తానేననుకున్న మగాడు ఫ్రేములో ఓ మూలకు పోతాడు.

ఇప్పుడు కార్బన్లు లేవు, రీళ్లు లేవు, సర్వర్ నొక్కితే సినిమా. కిన్నెరసాని వైపు మా కుర్రాళ్లు ఫోన్లతో దెయ్యం వీడియోలు తీసి నాకు చూపిస్తుంటారు. అందరూ మొదటి షాటులోనే జుట్టు విరబోసిన మొహాన్ని కెమెరాలోకి తోస్తారు. నేను చెప్పేది ఒకటే. ముందు భయపడేవాణ్ణి చూపించండి, వాడి బడాయి ఏమిటో, వాడు దాచుకునేది ఏమిటో. దెయ్యం వచ్చేది వాడి గుట్టు బయటపెట్టడానికే కదా. గుట్టు లేనివాడి మీదికి దెయ్యాన్ని తోలితే భయమూ రాదు, నవ్వూ రాదు.