తిమోర్ కాఫీ: ఒక చెట్టు చేసిన మేలు

కాఫీ పండించే దేశాలనగానే బ్రెజిల్, కొలంబియా, ఇథియోపియా స్ఫురిస్తాయి. ఆగ్నేయాసియాలోని చిన్న దేశమైన తూర్పు తిమోర్ పేరు అరుదుగా వినబడుతుంది. ఇటువంటి దేశాల గింజలను తెప్పించుకొని ఇంట్లో రుచి చూసే అభిరుచి నేడు పెరుగుతున్నది. ఆ దీవికి కాఫీ ప్రపంచమంతా ఎంత ఋణపడి ఉన్నదో తెలుసుకొని రుచి చూడటం సముచితం.

1869లో సింహళంలో కాఫీ తోటలకు ఆకు తుప్పు తెగులు సోకింది. ఆకుల అడుగున నారింజ రంగు పొడి వలె కనిపించే ఈ శిలీంధ్రం ఆకులను రాల్చి చెట్టును క్రుంగదీస్తుంది. రెండు దశాబ్దాలలో అక్కడి కాఫీ సాగు కూలిపోయి, దాని స్థానంలో తేయాకు తోటలు వెలిశాయి. దక్షిణ భారతపు తోటలను కూడా ఈ తెగులు విడిచిపెట్టలేదు.

అరబికా రుచికి పేరొందినది, కాని ఈ తెగులుకు సులభంగా లొంగుతుంది. రోబస్టా దృఢమైనది, రుచిలో మోటుది. అరబికాకు 44, రోబస్టాకు 22 క్రోమోజోములు ఉండటంచేత ఈ రెండింటి కలయికతో ఫలవంతమైన సంతతి కలగడం బహు అరుదు. పోర్చుగీసు పాలనలోని తిమోర్‌లో 1920లలో కనుగొన్న ఒక చెట్టు అటువంటి సహజ సంకరమే. 1950ల చివర పోర్చుగల్ శాస్త్రజ్ఞులు దాని సంతతిని ఇతర అరబికా రకాలతో కలిపి తెగులును తట్టుకొనే వంగడాలను రూపొందించారు. మన కావేరి, చంద్రగిరి రకాలు ఆ వంశానివే. అరకు ప్రాంతపు గిరిజన రైతుల తోటలలో చంద్రగిరి పెరుగుతున్నది. అపరిచితమనుకొన్న దేశం మన కప్పులోనే ఉన్నదన్నమాట. అయితే సూక్ష్మజీవులు యాంటీబయోటిక్‌లను అధిగమించినట్లే, ఈ శిలీంధ్రపు కొత్త రూపాలు ఆ రక్షణను క్రమంగా ఛేదిస్తున్నాయి.

లోకానికి మేలు చేసిన ఆ నేల మాత్రం సుఖపడలేదు. 1975లో ఇండోనేషియా సైన్యం తూర్పు తిమోర్‌ను ఆక్రమించింది. కాఫీ వ్యాపారం సైన్యానికి సన్నిహితమైన గుత్తసంస్థ వశమై, రైతుకు దక్కినది స్వల్పం. 1999 ప్రజాభిప్రాయ సేకరణ అనంతరం 2002లో దేశం స్వతంత్రమైంది. చమురు, సహజవాయువులను మినహాయిస్తే నేటికీ కాఫీయే ఆ దేశపు ప్రధాన ఎగుమతి.

ఇక వైద్యునిగా కొన్ని మాటలు. ఇటువంటి కాఫీని చికోరీ కలపకుండా, మొదట పాలు, చక్కెర లేకుండా రుచి చూడండి. అప్పుడే నేల గుణం నాలుకకు తెలుస్తుంది, చక్కెర కూడా తగ్గుతుంది. రోబస్టాలో కెఫీన్ అరబికా కంటె దాదాపు రెట్టింపు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాములు, గర్భిణులకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ మించరాదన్నది ఐరోపా ఆహార భద్రతా సంస్థ సూచన. వడకట్టని కాఫీలోని కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది. కాగితపు వడపోత దానిని చాలావరకు ఆపుతుంది. అందుచేత కొలెస్టరాల్ అధికంగా ఉన్నవారు ఏ దేశపు కాఫీనైనా కాగితంతో వడకట్టుకొని త్రాగడం మేలు.