వంటింటి గట్టు మీద ఎవరి చెయ్యి? (మా రాళ్ళ కథ – 9)



పోయిన వారం గోరంట్ల నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసినాడు. మా గేరిలో ఇల్లు కట్టుకుంటున్నాడు. స్లాబు పడింది, గోడలకు సిమెంటు అయింది, ఇప్పుడు వంటింటి దగ్గర పని ఆగింది.

"అన్నా, గట్టుకు ఏం బండ ఎయ్యాల? మేస్త్రీ నల్ల గ్రానైటు అంటాడు. మీ మరదలు యూట్యూబులో చూసి తెల్ల క్వార్ట్జ్ కావాలంటాది. అమ్మేమో కడప బండ చాలు, దుడ్లు దండగ అంటాది. నువ్వు రాళ్ళ గురించి రాస్తాంటావు కదా, చెప్పు."

ఎనిమిది భాగాలు రాస్తే మా ఇంట్లో నుంచి వచ్చిన మొదటి ప్రశ్న ఇది. వాడికి ఫోన్లో రెండు ముక్కలు చెప్పినా. కానీ ఫోన్ పెట్టేసినాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మా గేరిలో "వంటింటి గట్టుకు ఏ రాయి" అని అడిగే రోజు రావడానికి ఎంత కాలం పట్టిందో లెక్క వేసుకుంటూ కూచున్నా.

గట్టు చాలా కొత్తది. మా అవ్వకు గట్టు లేదు. మూడు రాళ్ళు, నేల మీద పొయ్యి, ముందు గొంతుక్కూచున్న ఆడమనిషి. అగ్రహారం వంటింట్లోనూ పొయ్యి నేల మీదే ఉండేది. అక్కడ మడి ఉండేది, మా దగ్గర పొగ ఉండేది. వంటను నడుము ఎత్తుకు లేపింది గ్యాసు. ఇండియన్ ఆయిల్ వాళ్ళు ఇండేన్ గ్యాసును ఇళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టింది 1965లో. సిలిండర్ నేల మీద నిలువుగా ఉండాల, స్టవ్వు దానికన్నా ఎత్తులో ఉండాల, స్టవ్వు కింద నిప్పంటుకోని బల్ల ఉండాల. ఈ మూడు షరతులకు మన దగ్గర చవకగా దొరికిన జవాబు బండ. అట్లా పట్నాల్లో గట్టు పుట్టింది.

మాకు గ్యాసు వచ్చింది 1999 తర్వాత, దీపం పథకంలో, పొదుపు సంఘాల ఆడవాళ్ళ పేర్ల మీద. సిలిండర్ వచ్చింది, గట్టు రాలేదు. కాలనీ ఇంట్లో వంటగది అని వేరే ఉంటే కదా! మా చిన్నమ్మ చాన్నాళ్ళు స్టవ్వును నేల మీదే, సిలిండర్ పక్కనే పెట్టి వండింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. తర్వాత చిన్నాయన ఎక్కడో మిగిలిన కడప బండ ఒకటి మోసుకొచ్చి, రెండు పక్కలా ఇటుకలు పేర్చి దాని మీద పరిచినాడు. సిమెంటు కూడా పెట్టలేదు. చిన్నమ్మ నిలబడి వంట చెయ్యడం నేను మొదటిసారి చూసింది ఆ బండ దగ్గరే. ఇప్పుడు "కడప బండ చాలు" అంటున్నది ఆమే. ఆమె మాటలో పిసినారితనం లేదు, ఆ బండ మీద నమ్మకం ఉంది.

గట్టు రాకముందు కూడా వంటింట్లో రాయి ఉండేది. రోలు, రుబ్బురోలు, విసుర్రాయి. ఇవి అరిగిపోయి నున్నగా అయితే పిండి నలగదు. అప్పుడు వడ్డెవాళ్ళు వచ్చేవాళ్ళు, "రోళ్ళకు కక్కు కొడతామమ్మా" అని అరుచుకుంటూ. ఉలితో, చిన్న సుత్తితో రాయి ఒళ్ళంతా గంట్లు పెట్టి గరుకు చేసేవాళ్ళు. మా అవ్వ చెప్పేది: పెద్దిళ్ళలో రోలును వాకిట్లోకి దొర్లించేవాళ్ళంట. వడ్డెమనిషి వాకిట్లోనే కూచుని కక్కు కొట్టి, గింజలు కొంగులో పోయించుకుని పోయేదంట. ఆమె పోయినాక రోలు మీద పసుపు నీళ్ళు చల్లి లోపలికి తీసుకుపోయేవాళ్ళంట. ఆమె చెయ్యి తగలకపోతే ఆ రోలు పనికిరాదు. చెయ్యి తగిలినందుకు అదే రోలును కడగాల.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు తాగినాక, సవర్ణులు 108 కుండల్లో పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి ఆ చెరువును "శుద్ధి" చేసుకున్నారు. చెరువుకు 108 కుండలు, రోలుకు ఒక చెంబు. కొలతే తేడా.

ఈ వడ్డెవాళ్ళ గురించి కొంచెం నిలబడి చెప్పాల. బండ కథలో వాళ్ళను దాటిపోతే అది అబద్ధం కథ అవుతుంది. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద పెద్ద పుస్తకాలు వేసినప్పుడు వీళ్ళను రాతి వడ్డె, మన్ను వడ్డె అని రెండుగా రాసినాడు. రాయి కొట్టేవాళ్ళు ఒకరు, మట్టి తవ్వేవాళ్ళు ఇంకొకరు. చెరువు కట్టలు, బావులు, కోటలు, రైలు దారులు వీళ్ళు తవ్వి కొట్టినవే. బ్రిటిష్ వాడు వీళ్ళలో కొందరిని నేరస్థ జాతుల చట్టం కింద పెట్టినాడు. 1952లో ఆ చట్టం పోయింది, పేరు విముక్త జాతి అయింది. ఇంకో విచిత్రం చూడండి. ఆంధ్రలో వడ్డెర బీసీ-ఏ. మా హిందూపురం దాటి కర్ణాటకలో అడుగు పెడితే అదే మనిషి భోవి, వడ్డర్ పేరుతో ఎస్సీ. మధ్యలో ఉన్నది ఒక చెక్‌పోస్టు. ఉలి అదే, దుమ్ము అదే, బండ అదే. మాదిగోళ్ళకు, వడ్డెవాళ్ళకు మధ్య కూడా ఎడం ఉంది, లేదని నేను అనను. కానీ క్వారీలో కంప్రెసర్ పట్టుకున్నోళ్ళలో ఇద్దరూ ఉన్నారు. సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో శనక్కాయ పంట పోయినప్పుడల్లా ఆ వరసలో ఇంకొందరు చేరతారు.

లేపాక్షి మాకు దగ్గరే. అచ్యుతరాయల కాలంలో, 16వ శతాబ్దంలో విరుపణ్ణ కట్టించిన గుడి. యాత్రికులందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటో దిగుతారు. నేను పోయినప్పుడల్లా ప్రాకారంలో నేలబండ దగ్గర ఆగుతా. అక్కడ బండలోనే కంచాలు చెక్కి ఉన్నాయి. పెద్ద గుంట, దాని చుట్టూ చిన్న గుంటలు. శిల్పులు అన్నం తిన్న కంచాలని గైడ్లు చెప్తారు. రంగులు కలుపుకోవడానికని ఇంకొందరంటారు. అన్నం కోసమే అయితే, పనోళ్ళు తమ కోసం చెక్కుకున్న గట్టు అదొక్కటే. మా గోరంట్ల మాధవరాయస్వామి గుడి స్తంభాల మీద ఎంత వెతికినా అట్లాంటిది నాకు కనబడలేదు.

సరే, తమ్ముడి ప్రశ్నకు వస్తా.

కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ... పేర్లు వేరు, రంగులు వేరు, జాతి ఒకటే. సున్నపురాయి. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి గడ్డపారతో లేపినా పలకలుగా లేస్తుంది. పెద్ద మిషన్లు అక్కర్లేదు, అందుకే చవక. మా ఇళ్ళదాకా వచ్చిన మొదటి రాయి అందుకే అది. కానీ దానికి పులుపు పడదు. నమ్మకపోతే ఒక నిమ్మచుక్క వేసి కాసేపాగి తుడిచి చూడండి. మెరుపు పోయి తెల్ల మచ్చ మిగులుతుంది. రోజూ చింతపండు పిసికే ఇల్లు మనది. పాలరాయిదీ ఇదే గుణం. మక్రానా నుంచి తెచ్చినా, ఇటలీ నుంచి తెచ్చినా పులుసు పడితే మచ్చే. డబ్బున్నోళ్ళు వంటింట్లో పాలరాయి వేస్తున్నారంటే వండేది వేరేవాళ్ళని అర్థం.

మా గుట్టల్లో ఉండేది అసలు గ్రానైటు. బూడిద రంగు, తెలుపు. అందులోని పలుగురాయి కత్తి కన్నా గట్టిది, గీత పడదు, పులుపు అంటదు. "నల్ల గ్రానైటు" అని అమ్మేది మాత్రం శాస్త్రం ప్రకారం గ్రానైటు కాదు, డోలరైటు జాతి. మడకశిర వైపు పోతే తెల్ల గుట్టల మధ్య నల్ల గుండ్లు గోడ కట్టినట్టు దూరం దాకా పోతుంటాయి. భూమి పగుళ్ళలోకి కింది నుంచి ఎగదన్నిన లావా గట్టిపడిన వరసలు అవి. వంద కోట్ల ఏళ్ళకు చాలా ముందటివి. చీమకుర్తి గెలాక్సీ ఇంకో రకం నలుపు, లోపల బంగారు చుక్కలు ఉంటాయి. ప్రపంచమంతా వంటిళ్ళలో పరిచింది ఆ ఒక్క ఊరి చుట్టూ తవ్విన రాయే.

కొనేటప్పుడు చూడాల్సింది చెప్తా. బూడిద రాయికి రంగు పట్టించి నలుపని అమ్ముతారు. తెల్ల గుడ్డకు థిన్నర్ అద్ది రుద్దితే గుడ్డ నల్లబడిందా, వదిలెయ్యండి. నీళ్ళ చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. చుక్క కింద రాయి రంగు మారితే అది నీళ్ళు తాగే రాయి, నూనె కూడా తాగుతుంది. రూపాయి బిళ్ళతో తట్టండి. ఖంగుమనాల. బొద్దుగా పలికితే లోపల చీలిక ఉంది. మందం అంచు దగ్గర కొలవండి, మాట మీద నమ్మొద్దు. గట్టు ఎత్తు మేస్త్రీ అలవాటుకు కాకుండా ఆ ఇంట్లో వండే మనిషి మోచేతికి కొంచెం కిందికి పెట్టించండి. మా చిన్నమ్మ పొట్టిది. 34 అంగుళాల గట్టు వేస్తే ఆమె జీవితాంతం భుజాలెత్తి సంగటి కెలకాల.

ఇక క్వార్ట్జ్. పేరు రాయిదే గానీ ఫ్యాక్టరీలో పోత పోసింది. పలుగురాయి పొడి నూటికి 90 పాళ్ళ దాకా, మిగిలింది ప్లాస్టిక్ జిగురు. మచ్చ పడదు, చూడను బాగుంటుంది. మరదలు తప్పేం లేదు. కానీ పొయ్యి మీది సంగటి కుండ నేరుగా దింపితే జిగురు మాడుతుంది. అంతకన్నా పెద్ద సంగతి దాన్ని కోసేటప్పుడు లేచే దుమ్ము. ఆ దుమ్ములో సిలికా విపరీతం. సాధారణ గ్రానైటులో నూటికి 20 నుంచి 40 పాళ్ళు ఉంటుంది, డోలరైటులో చాలా తక్కువ, క్వార్ట్జ్ పలకలో ఇంచుమించు అంతా అదే. ఆస్ట్రేలియాలో గట్లు కోసే కుర్రోళ్ళ ఊపిరితిత్తులు ముప్పై ఏళ్ళకే గట్టిపడిపోతుంటే, సంఘాలు కొట్లాడినాక, 2024 జులై 1 నుంచి ఆ దేశం ఈ పలకల తయారీ, అమ్మకం, కోత, బిగింపు అన్నీ నిషేధించింది. మన దగ్గర అదే పలక యూట్యూబులో "ట్రెండింగ్".

ఇది రాయడానికి నాకు ఒక సొంత కారణం ఉంది. మా మామ ఒకాయన రాళ్ళ పాలిషింగ్ పనిలో పదహారేళ్ళు చేసినాడు. మూతికి తుండుగుడ్డ తప్ప ఇంకేం లేదు. దగ్గు మొదలైతే టీబీ అన్నారు. కోర్సు వాడించినారు, తగ్గలేదు, మళ్ళీ వాడించినారు. ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు. చివర్లో నాలుగు మెట్లు ఎక్కలేకపోయేవాడు. పోయినాక ఎక్సరేలు వేరే డాక్టరుకు చూపిస్తే "సిలికోసిస్ అయి ఉండొచ్చు, ముందే అనుమానించాల్సింది" అన్నాడు. సిలికోసిస్‌కు మందు లేదు. అది ఉన్నోళ్ళకు టీబీ కూడా తొందరగా పట్టుకుంటుంది, అందుకే ఒకటి చూసి ఇంకోటి వదిలేస్తారు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఇది తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉండేది, చూసిన డాక్టరు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు రాయాల్సి ఉండేది. అప్పటిదాకా ఉన్న 1923 నాటి పరిహార చట్టంలో డబ్బు కూడా వచ్చేది. టీబీ అని రాస్తే ఏదీ రాదు. మన గేరుల్లో రాళ్ళ పని చేసి దగ్గుతున్న వాళ్ళుంటే, ఆస్పత్రిలో ముందు పని పేరు చెప్పించండి. చీటీ మీద రాయించండి.

మా నాయన రాళ్ళ హమాలీ. ఒక పెద్దింటికి గట్టు బండ మోసినప్పుడు నేనూ వెంట పోయినా, ఎనిమిదో తరగతి సెలవులు. నలుగురు చెప్పులిడిచి వంటింట్లోకే తీసుకుపోయి గోడ మీద కుదిర్చినారు. నాయన అరచేత్తో బండంతా తడిమి, ఎక్కడైనా ఎగుడుదిగుడు ఉందా అని చూసినాడు. తర్వాత దప్పికయితే నీళ్ళు బయట, పంపు దగ్గర, ప్లాస్టిక్ చెంబులో. గృహప్రవేశం రోజు షామియానా దాకే మాకు పిలుపు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆ బండ మీద ఎన్ని వేలసార్లు అన్నం వండి ఉంటారో. ఆ బండను మొదట తడిమింది నాయన చెయ్యి.

స్నానాల గది గురించి కూడా వాడు అడిగినాడు. మా అవ్వ కాలంలో నీళ్ళు పోసుకునే బండ ఒకటి ఇంటి వెనక, చీర చాటున ఉండేది. చీకటి పడినాకే స్నానం. కాబట్టి మనకు గది ఉండటమే పెద్ద మాట. అక్కడ నున్నటి పాలిష్ వద్దు, ముసలోళ్ళు జారతారు, గరుకు బండ వేయించు. సున్నపురాయి అసలే వద్దు, కడిగే యాసిడ్ దాన్ని తినేస్తుంది.

చివరికి వాడు మడకశిర నల్ల బండ తీసుకున్నాడు. కడప బండను పారెయ్యలేదు, వాకిట్లో చిన్నమ్మ కూచోవడానికి వేసినారంట. సింకు కోత దగ్గర మాత్రం ఒక మాట గట్టిగా చెప్పినా. "మిషన్ తిరుగుతున్నంతసేపు నీళ్ళు పొయ్యి. పొడిగా కొయ్యనియ్యొద్దు. వచ్చే పిల్లోడు ఎవరైనా సరే, మూతికి మాస్కు నువ్వే కొనివ్వు."

నిన్న మళ్ళీ ఫోన్.

"అన్నా, బోరు ఎండిపోయింది. కోతకు నీళ్ళంటే ట్యాంకరు చెప్పాల్నా?"

"ట్యాంకరెందుకురా. రెండు బిందెలు చాలు. బాటిల్ మూతకు బొక్క పెట్టి పొయ్యి."

"మేస్త్రీ నవ్వుతాండాడు."

"నవ్వనియ్యి. నువ్వు పొయ్యి."