పాపఘ్ని తీరాన సంగటి

కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టిన పాపఘ్ని నది పాలకొండలను చీల్చుకొని వెలువడే గండి పరిసరాలలోనూ, వేంపల్లె, పులివెందుల పల్లెలలోనూ తరతరాలుగా రాత్రి భోజనమంటే ఒకే కుండలో వండే సంగటి, అనగా ఉడికిన నూకలలో రాగి లేక జొన్న పిండి కలిపి కట్టిన ముద్ద. రాగి పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికా మెట్ట భూములని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చగా, అది దక్కనుకు చేరి వేల ఏళ్లు గడిచాయి. 16వ శతాబ్దపు కన్నడ కవి కనకదాసు ‘రామధాన్య చరిత్రె’లో వరికీ రాగికీ వాదం పెట్టి రాగినే గెలిపించాడంటే, దానిపై చిన్నచూపు అప్పటికే బలంగా ఉండి ఉండాలి.

ఈ వంటలో నేర్పంతా ఓపికే: నూకలు మెత్తబడి గంజి ఇంకా మిగిలి ఉండగానే పిండిని నడుమ కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, సన్న సెగపై ఆవిరికి మగ్గనిచ్చి, ఆ తరువాతే తెడ్డుతో ఉండలు కట్టకుండా గెలికితే వెన్నలాంటి నునుపు వస్తుంది, తొందరపడితే లోపల పచ్చిపిండి మిగులుతుంది.

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్త మండలాలలో ఈ పల్లెలున్న కడప ఒకటి. 1876–78 కరువు పీడించిన ఈ వానతక్కువ సీమలో, పురుగు పట్టక ఏళ్లపాటు నిలిచే రాగి ఆధారధాన్యమైంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక పల్లె కంచంలో వరి అన్నం పెరిగింది. ఒకనాడు పేదల కూడనిపించుకున్న సంగటి నేడు హోటళ్లలో నాటుకోడి పులుసుతో విశేష వంటకంగా అమ్ముడవుతున్నా, ఇళ్లలో దానికి తోడు ఇప్పటికీ శెనక్కాయల ఊరిమిండి, అంటే వేరుశెనగ పచ్చడే.