అమ్మ పేరు పెట్టుకున్న విమానాశ్రయం

బస్తర్ మనకు పరాయిది కాదు. శబరికి ఇటూ అటూ కోయలున్నారు, చుట్టరికాలున్నాయి. ఆ బస్తర్‌కు కేంద్రమైన జగదల్‌పూర్‌లో ఒక చిన్న విమానాశ్రయం ఉంది. దాని కథలో మన కథ కూడా కొంత ఉంది.

అక్కడ రన్‌వే 1939 నాటిది. అప్పుడు బస్తర్ ఒక సంస్థానం. రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ ఇంకా పసివాడు. పెత్తనమంతా బ్రిటిష్ అధికారులది. అడవి హక్కుల కోసం గుండా ధూర్ ముందు నడిచిన 1910 భూమ్‌కాల్ పోరాటాన్ని కళ్లారా చూసినవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్న కాలమది. భూమి తీసుకునే ముందు ఆదివాసీ గ్రామసభను అడగాలనే చట్టం ఆనాడు లేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా సామాన్యులు టికెట్ కొని ఎక్కే విమానం అక్కడికి రావడానికి దశాబ్దాలు పట్టింది. 2016లో కేంద్రం ఉడాన్ పథకం తెచ్చింది. 2018 జూన్ 14న రాయ్‌పూర్‌కు విమానం మొదలైంది గాని ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత విమానాశ్రయాన్ని బాగుచేసి 2సి స్థాయి నుంచి 3సి స్థాయికి పెంచారు. ఇందులో అంకె విమానానికి కావలసిన రన్‌వే పొడవును, అక్షరం రెక్కల వెడల్పును తెలుపుతాయి. 3 అంటే 1,200 మీటర్ల నుంచి 1,800 మీటర్ల లోపు. దాంతో 70 మంది దాకా పట్టే ఏటీఆర్-72 దిగే వీలు కలిగింది. 2020 సెప్టెంబరు 21న రాయ్‌పూర్, జగదల్‌పూర్, హైదరాబాద్‌లను కలుపుతూ విమానం ఎగిరింది. ఆ ఏడాదే దానికి మా దంతేశ్వరి విమానాశ్రయమని పేరు పెట్టారు.

75 రోజుల బస్తర్ దసరా ఆ అమ్మ పేరనే జరుగుతుంది. ఆ పేరు చూస్తే మాకూ సంతోషమే. అయితే పేరు వేరు, మాట చెల్లడం వేరు. 1996 పెసా చట్టం ప్రకారం ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో భూమి సేకరించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. 1939లో లేని బలం ఇదే. అలాగే విమానాశ్రయమంటే ఒక్క రన్‌వే కాదు. వాతావరణం చూసేవాళ్లు, అగ్నిమాపక సిబ్బంది, విమానాలకు దారి చెప్పేవాళ్లు, యంత్రాలు బాగుచేసేవాళ్లు ఎందరో కావాలి. ఆ చదువులు మన పిల్లలకు అందాలి.

ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. మీ దగ్గర విమానాశ్రయమో, ఆనకట్టో, గనో ఉంటే, అంతకుముందు ఆ నేలను ఎవరు దున్నారో పెద్దలనడిగి పిల్లలచేత రాయించండి. రేపు గ్రామసభలో మాట్లాడాల్సి వస్తే ఆ రాత పనికొస్తుంది.