చక్రరక్షకులు: సైకిలు సంఘములలో నాయకత్వచరిత్ర



మహాభారతయుద్ధమున అర్జునుని రథమునకు ఇరుప్రక్కల యుధామన్యుడు, ఉత్తమౌజుడు అను ఇద్దరు పాంచాలవీరులు నిలిచి యుండిరి. వారికి చక్రరక్షకులని పేరు. రథికుని గెలుపును లోకమెల్ల నెరుగును. రథచక్రమును కాచినవారి పేర్లు భారతమును శ్రద్ధతో చదివినవారికి మాత్రమే తెలియును. అయినను వారు లేనిదే రథము నిరాటంకముగా సాగెడిది కాదు. సైకిలు సంఘముల చరిత్రయందును ఇట్టి చక్రరక్షకులు కలరు. జీతబత్తెములు లేక, తమంతట తాము ముందుకు వచ్చి, ఈ బాధ్యత మాకొసగుడని కోరి, సంఘభారమును మోసిన సామాన్యులు వారు. ఆ చరిత్ర ఇంగ్లండు, అమెరికా దేశములలో నడచినది. దానిని సంగ్రహముగా మీకు మనవి చేసెదను. సంఘమున పదవిని కోరుట తప్పు కాదు. ఎట్టి పదవిని, ఏ పని కొరకు కోరుచున్నామను ప్రశ్నయే ముఖ్యమైనదని ఆ చరిత్ర మనకు తెలుపుచున్నది.

1870వ సంవత్సరము జూను నెలలో లండను నగరపు హాక్నీ ప్రాంతమున పిక్విక్ బైసికిలు క్లబ్బు వెలసెను. ఆ నెలలోనే కాలధర్మము నొందిన నవలాకారుడు చార్లెస్ డికెన్సు గౌరవార్థము ఆ పేరు పెట్టిరి. డికెన్సు సృష్టించిన పాత్రల పేర్లను సభ్యులు ధరించుట ఆ క్లబ్బు ఆచారము. ఆ క్లబ్బు నేటికిని కలదు. దాని తరువాత పదేండ్లలో ఊరూర ఇట్టి సంఘములు పుట్టినవి.

ఆనాటి సైకిలు నేటి సైకిలు వంటిది కాదు. ముందుచక్రము మనిషి రొమ్మెత్తు. వెనుకచక్రము మిక్కిలి చిన్నది. ఎక్కువాడు ముందుచక్రము మీదనే కూర్చుండవలెను. చిన్న రాయి తగిలినను తలక్రిందుగా నేల గరవవలసినదే. రైళ్లు వచ్చిన పిమ్మట దూరప్రయాణపు గుఱ్ఱపుబండ్లు తగ్గిపోయి, బాటలు పాడుపడి, దారిప్రక్క సత్రములు క్షీణించి యుండెను. మిగిలిన బండ్లవారు బాట తమ సొత్తని తలచుచుండిరి. 1876లో సెంట్ ఆల్బన్సు బండి తోలువాడు సైకిలు మీద పోవు నొకనిని కొరడాతో కొట్టగా, బండి వెనుక నున్న కావలివాడు త్రాటికి కట్టిన ఇనుపగుండును అతని చక్రములోనికి విసరెను. ఇట్టి కాలమున ఒంటరిగా పోవుటకంటె గుంపుగా పోవుట క్షేమమని యువకులు తలచిరి. గుంపు సాగవలెనన్న పెద్ద యొకడు కావలెను కదా.

ఆ పెద్దకు వారు పెట్టుకొన్న పేరు కెప్టెను. పేరును సైన్యమునుండి వచ్చినదే, పద్ధతియు సైన్యమునుండి వచ్చినదే. సభ్యులందరికి ఏకరూపమగు దుస్తులు, కెప్టెను ముందు నడువగా తక్కినవారు జంటలు జంటలుగా వెనుక నడచుట, ఉపకెప్టెను ఒకడు, బాకా ఊదువాడొకడు. ఎక్కుటకొక బాకా, దిగుటకొక బాకా, ఒకరి వెనుక నొకరు వరుసగా రావలెనని మరియొక బాకా. కెప్టెనును దాటి ముందుకు పోవుట మర్యాద కాదు. ఏటేట జరుగు ఎన్నికలలో ఈ పదవికి పోటీ యుండుటలో వింత యేమున్నది? బాకాధ్వని మ్రోగుచుండగా ఊరి నడివీధిలో అందరికంటె ముందు సాగు భాగ్యము ఏ యువకునికి రుచింపదు? మన గ్రామములలో పెత్తనమను మాటకు ఎంత ఆకర్షణ కలదో ఆ కెప్టెను పదవికిని అంత ఆకర్షణ యుండెను.

ఇచ్చట శబ్దార్థవిచారము కొంత చేయుదము. నాయకశబ్దము ‘నీ’ ధాతువునుండి పుట్టినది. గమ్యమునకు తీసికొనిపోవువాడని దాని అర్థము. అగ్రేసరశబ్దమునకు ముందు పోవువాడని మాత్రమే అర్థము. ముందు పోవువాడెల్ల తీసికొనిపోవువాడు కాడు. కెప్టెను గొప్ప రౌతు కావచ్చును. అతని వేగమున కోర్వలేక వెనుకబడినవాని గతి యేమి? మరియు కెప్టెను అధికారము తన గుంపు నడచునంత దూరమే. ఊరు దాటి, జిల్లా దాటి, తెలియని బాటను పోవు బాటసారికి ఏ కెప్టెను దిక్కు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరముగనే మరియొక విధమగు నాయకత్వము పుట్టెను.

1878వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన, యార్కుషైరులోని హారోగేటు పట్టణమున సైకిలువారు చేరియుండగా, స్టాన్లీ కాటెరెల్ అను యువకుని ప్రేరణచే బైసికిలు టూరింగు క్లబ్బు ఏర్పడెను. మూడుచక్రముల బండివారిని కూడ చేర్చుకొనుటచే 1883లో దానికి సైక్లిస్ట్సు టూరింగు క్లబ్బని పేరు మారెను. ఇది ఒక ఊరికి కట్టుబడిన సంఘము కాదు; దేశమెల్ల తిరుగువారి సంఘము. కాబట్టి ఊరూర ఒక సభ్యుని ప్రతినిధిగా నియమించి, కాన్సలని పేరిడిరి. అన్యదేశమునందు మనవారి మేలరయుటకు ప్రభుత్వము నియమించు ఉద్యోగికి ఆ పేరు కలదు. పలువురు కాన్సలుల మీద ప్రాంతమునకొక ముఖ్యకాన్సలు. వీరందరును స్వచ్ఛందసేవకులే.

కాన్సలు పని యేమి? తన ఊరి చుట్టునున్న బాటలలో ఏది మంచిది, ఏది గతుకులది, ఏ కొండదారి అపాయకరమైనది అను వివరములు తెలిసియుండి, వ్రాసి యడిగినవారికి తెలుపుట. సభ్యులకు సరసమగు ధరకు బస, భోజనము ఇచ్చునట్లు హోటలువారితో మాటలాడుట. దారి తెలియక వచ్చినవానికి తోడ్పడుట. ఇందులో బాకా లేదు, ఊరేగింపు లేదు. క్లబ్బు ప్రకటించు పుస్తకములో తన పేరుండుటయే అతనికి దక్కు గౌరవము. అయినను ఈ పదవిని కోరి స్వీకరించినవారు వందలకొలది కలరు. వారు లేనిచో లండనులోని కార్యాలయము కాళ్లు లేని దేహమువలె నుండెడిది.

ఈ సేవ యొక్క ఫలము సైకిలువారికే పరిమితము కాలేదు. నిట్టనిలువు పల్లములు గల చోట్ల అపాయసూచకఫలకములను నాటించినది ఈ క్లబ్బును, 1878లోనే పుట్టిన బైసికిలు యూనియనును. మోటారుబండ్లు ఇంకను పుట్టకముందే బాటప్రక్క హెచ్చరికలు నిలిపినవారు వీరు. 1886లో ఈ రెండు సంస్థలును కలిసి బాటల యభివృద్ధికై ఒక సంఘమును నెలకొల్పినవి. అంతలో స్టార్లీ రోవరు సైకిలు 1885లోను, డన్లపు గాలిటైరు 1888లోను వచ్చుటచే సామాన్యజనము కూడ సైకిలెక్కసాగిరి. 1899 నాటికి టూరింగు క్లబ్బు సభ్యులు అరువదివేలకు మించిరి.

ఆ కాలమున విలియం రీస్ జెఫ్రీసు అను యువకుడు 1900లో క్లబ్బు పాలకసభకు ఎన్నికయ్యెను. బాటల సంగతియే అతనికి ప్రాణము. మరుసటి యేడు బాటల యభివృద్ధి సంఘమునకు గౌరవకార్యదర్శి అయ్యెను. 1910లో ప్రభుత్వము రోడ్డు బోర్డును స్థాపించినపుడు దానికి కార్యదర్శిగా నియుక్తుడయ్యెను. సైకిలు క్లబ్బు సభలో ఒక స్థానమును కోరినవాడు తుదకు దేశపు బాటలకు కర్తలలో నొకడయ్యెను. అయితే అతడు నడుమ మోటారువారి సంఘమునకు కార్యదర్శియై ఆ పక్షమున చేరెననియు చెప్పకుండుట న్యాయము కాదు. బాటను బాగుచేయుమని మొదట ఎలుగెత్తి యడిగినది సైకిలువారు. బాగుపడిన బాటను ఆక్రమించుకొన్నది మోటార్లు. కూర్చిన దొకరు, అనుభవించిన దొకరు.

ఇక అమెరికా సంగతి. 1880వ సంవత్సరము మే నెలాఖరున రోడ్ ఐలెండు రాష్ట్రములోని న్యూపోర్టు పట్టణమున అమెరికను వీల్మెను సమాఖ్య ఏర్పడెను. చార్లెస్ ప్రాటు దానికి మొదటి అధ్యక్షుడు. అచ్చటను రాష్ట్రమునకొక ముఖ్యకాన్సలు ఉండెడివాడు. న్యూయార్కు రాష్ట్రపు ముఖ్యకాన్సలగు ఐజాక్ పాటరు బురదబాటలవలన రైతులకు కలుగు నష్టమును వివరించి, 1892నుండి మంచి బాటల కొరకే ఒక పత్రికను నడపెను. తరువాత సమాఖ్యకు అధ్యక్షుడును అయ్యెను. పని మొదలు, పదవి తరువాత. 1898లో ఆ సమాఖ్య సభ్యులసంఖ్య లక్షను దాటెను.

కాని అదే సమాఖ్య చరిత్రలో ఒక చెరుపరాని మచ్చ కలదు. 1894లో కెంటకీ రాష్ట్రమందలి లూయీవిల్లు నగరమున జరిగిన సభలో, తెల్లవారు తప్ప ఇతరులు సభ్యులుగా చేరరాదను నిబంధనను గావించిరి. దానికి పట్టుబట్టినవాడు ఆ నగరపు ప్రతినిధి విలియం వాట్సు. నీగ్రోజాతివారిని చేర్చుకొన్నచో దక్షిణరాష్ట్రముల తెల్లవారు చేరరని అతని పక్షమువారి వాదము. సభ్యులసంఖ్య పెరుగుటకై నాయకులు ధర్మమును విడిచిరి. మరుసటి యేడు న్యూజెర్సీ రాష్ట్రమున అస్బరీ పార్కులో సమాఖ్య ఉత్సవము జరుగగా, బోస్టనునుండి కిట్టీ నాక్సు అను యువతి వచ్చెను. ఆమె కుట్టుపని చేసి జీవించునది. తండ్రి నల్లజాతివాడు, తల్లి తెల్లజాతిది. సైకిలు సవారియందు ఆమె నేర్పు ప్రసిద్ధము. ఆమె సభ్యత్వమును గూర్చి యాక్షేపణ పుట్టెను. అయితే ఆమె 1893లోనే, అనగా నిబంధనకు పూర్వమే, చేరియుండెను గనుక సభ్యురాలే యని సమాఖ్య అంగీకరింపవలసి వచ్చెను. ఆ నిబంధనను శాస్త్రోక్తముగా రద్దు చేసినది 1999లో! నూటయైదేండ్లు పట్టినది. పదవిలో నున్నవారు ఒక్క సభలో చేసిన తప్పును దిద్దుటకు ఒక శతాబ్దము చాలలేదు. సేవ చేయ వచ్చినవానిని వాకిట నిలిపివేయు అధికారము ఎంత భయంకరమైనదో దీనివలన తెలిసికొనవచ్చును.

స్త్రీల విషయమున ఇంగ్లీషు టూరింగు క్లబ్బు కొంత మేలు. 1880లోనే వారిని సభ్యులుగా చేర్చుకొనెను. అయినను చేరుట వేరు, నడపుట వేరు. 1892లో లిలియస్ కాంబెల్ డేవిడ్‌సను అను రచయిత్రి స్త్రీలకే ప్రత్యేకముగా ఒక సైకిలు సంఘమును స్థాపించి అధ్యక్షురాలయ్యెను. ఇతరుల సంఘములో చోటు దొరకు వరకు వేచియుండక తామే సంఘము కట్టుకొనుటయు నాయకత్వమే కదా. 1898లో సర్రీ జిల్లాలోని ఒక హోటలున లేడీ హార్బర్టను అను మాన్యురాలు సైకిలు సవారికి తగిన కాలుదుస్తులు ధరించి వచ్చినందున, భోజనశాలలోనికి రానీయక, సారాయిపాత్రల గదికి పొమ్మనిరి. ఆ హోటలు క్లబ్బు పట్టికలో చేరినదే. క్లబ్బు తన ధనముతో 1899లో న్యాయస్థానమున వ్యాజ్యము నడపెను. ఓడిపోయెను. ఓడినను, సభ్యురాలికి జరిగిన అవమానము సంఘమునకు జరిగినదేయని లోకమునకు చాటెను.

ఇరువదవ శతాబ్దము రాగానే ధనికులు సైకిళ్లను విడిచి మోటార్ల నెక్కిరి. అమెరికను సమాఖ్య కొలది యేండ్లలో లక్షనుండి కొన్ని వేలకు దిగెను. ఇంగ్లండులోను అదే గతి. 1906లో టూరింగు క్లబ్బు నాయకులు మోటారువారిని కూడ సభ్యులుగా చేర్చుకొందమని ప్రతిపాదింపగా సభ్యులలో పెక్కుమంది సమ్మతించిరి. న్యాయస్థానము మాత్రము అంగీకరింపలేదు. బాటపై సైకిలువానిని మోటారువానినుండి కాపాడవలసిన సంఘము ఇద్దరిని సభ్యులుగా పెట్టుకొని యెవరిని కాపాడునని దాని అభిప్రాయము. 1918 నాటికి సభ్యులు తొమ్మిదివేలకు లోబడిరి. అయినను సంఘము చావలేదు. జిల్లాశాఖలలో ఆదివారపు సవారీలను మానక నడపినవారు దానిని బ్రతికించిరి. ఆ సంస్థ 2012లో ధర్మసంస్థగా నమోదై, 2016నుండి సైక్లింగు యూకే అను పేరుతో నడచుచున్నది. నేటికిని దాని సవారీలను నడపువారు స్వచ్ఛందసేవకులే. బాకా పోయినది, దుస్తుల నియమము పోయినది. కాని ఒక మంచి యాచారము నిలిచినది. సవారీకి ముందొక నాయకుడు, అందరికంటె వెనుక మరియొకడు. చక్రము పగిలినవానికొరకు నిలుచువాడు, అలసినవానికి ధైర్యము చెప్పువాడు, వచ్చినవారందరు చేరిరని లెక్క చూచువాడు ఆ వెనుకటివాడే.

మన హైదరాబాదు, విశాఖపట్టణము మున్నగు నగరములలోను నేడు ఆదివారపు ప్రాతఃకాలమున సైకిలు బృందములు సాగుట మీరు చూచుచునే యున్నారు. ఇట్టి బృందములలో బాధ్యత వహింప కోరు యువతీయువకులకు ఒక్క మాట. ముందు నడచుటకు మాత్రమే ఉత్సాహము కలదా, వెనుక నడచుటకును సిద్ధమా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. మీ ఊరి బాటలలో గోతులెచ్చట నున్నవో మీరెరుగుదురా? క్రొత్తగా వచ్చినవారు, స్త్రీలు, బీదవారు, పాత సైకిలుతో వచ్చినవారు మీ గుంపులో నిస్సంకోచముగా నడువగలరా? వీనికి సమాధానము చెప్పగలవారు పదవిని నిర్భయముగా కోరవచ్చును. అట్టివారు కోరకుండుటయే లోపము. వారు కోరనిచో ఆ స్థానమున పెత్తనము కోరువారు కూర్చుందురు. యుధామన్యుని, ఉత్తమౌజుని అర్జునుడనలేదని యెవ్వరును నిందింపరు. వారు కాచిన చక్రము నడచినది. అంతకంటె వారికి కీర్తి యేమి కావలెను?